ఇనుప పెట్టెలోని కాగితాలు

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని తెలుగు కుటుంబాలలో మంచం క్రింద ఒక ఇనుప పెట్టె ఉండుట పరిపాటి. ఉద్యోగమున్నంత కాలం అది రైల్వే క్వార్టరులో ఉంటుంది. పదవీవిరమణ తరువాత యజమానితో పాటు పట్టణపు అంచున కట్టుకొన్న ఇంటికి తరలిపోతుంది. అందులో పెన్షను ఉత్తర్వు, బ్యాంకు పాసుపుస్తకాలు, జీవితబీమా పాలసీ కాగితాలు, ఇంటిస్థలం దస్తావేజు, అన్నిటికన్న అడుగున శ్రీకాకుళం జిల్లాలోని స్వగ్రామపు భూమికి సంబంధించిన పాత పన్ను రశీదులు ఉంటవి. పెట్టె తాళంచెవి ఇంటి పెద్ద మొలత్రాటికో, ఇల్లాలి పమిట చెంగుకో కట్టి ఉంటుంది. పెద్ద కన్నుమూసిన తరువాతనే ఆ పెట్టె మొదటిసారి అందరి ముందు తెరవబడుతుంది. చిక్కులన్నీ ఆనాడు మొదలగును.

బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూరులో జంక్షనును, ఆపైన వర్కుషాపును నెలకొల్పిన నాటినుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారు అక్కడికి వలస వచ్చుచునే ఉన్నారు. 1927 నాటి సమ్మెల కాలంలో ఆ కార్మికులకు అండగా నిలిచిన వి.వి.గిరి తరువాత 1969లో రాష్ట్రపతి అయినారు. నాలుగు తరాలు గడచినవి. మనుమలు బెంగాలీలో చదువుకొనుచున్నారు, హిందీలో బేరమాడుచున్నారు. అయినను ఆస్తి పంపకం మాట వచ్చుసరికి ఈ కుటుంబాలు రెండు రాష్ట్రాల నడుమ, రెండు ధర్మశాస్త్ర సంప్రదాయాల నడుమ నిలబడి ఉన్నవని ఆ ఇంటివారికే తెలియదు.

ఒక ఉదాహరణ కల్పించి చూచినచో విషయం తేటపడుతుంది. వర్కుషాపులో ఫిట్టరుగా పనిచేసి 2017లో విరమించిన ఒక పెద్దమనిషి ఉన్నాడనుకొనవచ్చును. ఆయనకు భార్య, ఇద్దరు వివాహిత కుమార్తెలు, పుట్టుకతోనే బుద్ధిమాంద్యం గల ఒక కుమారుడు. గ్రామంలో తమ్మునితో ఉమ్మడిగా రెండెకరాల పిత్రార్జిత భూమి. ఖరగ్‌పూరులో గ్రాట్యుటీ సొమ్ముతో భార్య పేర కొన్న ఇల్లు. బ్యాంకులో డిపాజిట్లు. నెలనెలా పెన్షను. తన తదనంతరం కుమారుని గతి ఏమన్నదే ఆయన బెంగ. ఒకనాడు ఆయన వకీలు వద్దకు పోయి, “బాబూ, నాకున్నదంతా మా అబ్బాయి పేర వ్రాసెయ్యండి. ఆడపిల్లలకు పెళ్ళిళ్ళు చేసి పంపించాను, వాళ్ళకు లోటు లేదు,” అన్నాడు. వకీలు చెప్పినది చెప్పినట్లు ఒక కాగితం మీద వ్రాసి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించి ఇచ్చినాడు. చట్టరీత్యా ఆ వీలునామాలో లోపం లేదు. కాని అందులోని ప్రతి వాక్యమూ ఏదో ఒక చోట తప్పుదారి పట్టినది.

మొదట భూమి సంగతి. ఆయన దృష్టిలో అది రెండెకరాలు. తమ్ముని సగం పోగా ఆయన శాఖకు వచ్చునది ఒక ఎకరం. ఇక్కడే బెంగాలుకు, ఆంధ్రకు గల పాత భేదం అడ్డు వచ్చుచున్నది. బెంగాలులో జీమూతవాహనుని దాయభాగం అనుసరణీయం. తండ్రి బ్రతికి ఉండగా బిడ్డలకు పిత్రార్జితంలో హక్కు పుట్టదు. ఆంధ్రలో విజ్ఞానేశ్వరుని మితాక్షర ప్రమాణం. పుట్టుకతోనే హక్కు వచ్చును. ఒక హిందూ కుటుంబం ఒక దేశభాగం నుండి మరొక భాగానికి వలస పోయినచో తన ధర్మశాస్త్రాన్ని వెంట తీసుకొనిపోవును. దానిని విడిచిపెట్టినట్లు రుజువైనప్పుడు మాత్రమే స్థానిక సంప్రదాయం వర్తించును. ఇది ప్రీవీ కౌన్సిల్ కాలం నాటినుండి స్థిరపడిన సూత్రం. కనుక నూరేండ్లుగా హుగ్లీకి ఈవల ఉన్నను ఈ ఫిట్టరు మితాక్షర కుటుంబీకుడే. దాయభాగంలో పుట్టి పెరిగిన వకీలు, అలవాటు కొద్దీ, తండ్రే సర్వాధికారి అని భావించుటలో వింత లేదు.

మితాక్షర కుటుంబంలో కుమార్తె స్థితి ఒక్కసారిగా మారలేదు. ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ కుమార్తెకు సమాన భాగస్వామ్యం ఇచ్చినది కాని, 1985 సెప్టెంబరు 5కు ముందే వివాహమైన వారిని వదిలివేసినది. 2005 సెప్టెంబరు 9 నుండి అమలులోనికి వచ్చిన కేంద్ర సవరణ ఆ భేదమును తుడిచివేసినది. ఆ తేదీకి తండ్రి జీవించి ఉండనక్కర లేదని, పుట్టుకయే కుమార్తె హక్కుకు ఆధారమని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది. పెళ్ళి చేసి పంపినంత మాత్రాన ఆ హక్కు పోదు. ఫిట్టరుకు అక్కచెల్లెళ్ళు లేరని, తల్లి ముందే గతించినదని, తండ్రి 1990లో మరణించునాటికి వారసులుగా కుమారులిద్దరే మిగిలిరని అనుకొన్నచో, ఆ ఎకరంలో ఆయనకు, కుమారునికి, ఇద్దరు కుమార్తెలకు నాలుగు సమాన భాగాలు. అనగా వీలునామా వ్రాయుటకు ఆయన చేతిలో నిజముగా ఉన్నది ఇరువదియైదు సెంట్లు. రెండెకరాలు వ్రాసితిననుకొన్నవాడు పాతిక సెంట్లు వ్రాసినాడు.

ఇల్లు భార్య పేర ఉన్నది. సొమ్ము ఎవరిదైనను, భార్య కొరకు, ఆమె పేర కొని ఇచ్చిన ఇల్లు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఆమె సంపూర్ణ స్వత్వం. దానిని గూర్చి వీలునామా వ్రాయవలసినది ఆమె. భర్త వ్రాసిన మాటలకు అక్కడ విలువ లేదు. ఓల్డ్ సెటిల్‌మెంటులోనే కాదు, అంతటా మగవారు ఈ పొరపాటు చేయుదురు. ఇల్లాలి చేత వేరుగా వీలునామా వ్రాయించవలెనన్న తలంపు నూటికొక్కరికి రాదేమో.

బ్యాంకు డిపాజిటులో నామినీగా తమ్ముని పేరు ఉన్నది. పిల్లలు పసివారుగా ఉన్న రోజులలో పెట్టినది, తరువాత మార్చలేదు. నామినీ యే యజమాని అని సామాన్యుల నమ్మకం. 1983లో సర్బతీ దేవి కేసులో, జీవితబీమా పాలసీ విషయంలో, నామినీ సొమ్ము అందుకొనుటకు మాత్రమే అర్హుడని, ఆ సొమ్ము వారసులదని సుప్రీంకోర్టు చెప్పినది. బ్యాంకు డిపాజిట్ల విషయంలోను, 2023 డిసెంబరు తీర్పుతో కంపెనీ వాటాల విషయంలోను అదే మాట. బీమాకు మాత్రం 2015 సవరణ ఒక మినహాయింపు కల్పించినది: తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, సంతానం నామినీలైనచో వారికే ఆ సొమ్ముపై అనుభవ హక్కు కలుగును. సోదరుడు ఆ పట్టికలో లేడు. కాగితం మీద ఇదంతా చక్కగా ఉన్నది కాని, బ్యాంకు వారు నామినీ అయిన తమ్ముని చేతికి పైకం ఇచ్చి చేతులు దులుపుకొందురు. ఆ పైన అన్న కుటుంబం తమ్ముని మీద దావా వేయవలసి ఉండును. ఉమ్మడి భూమి వివాదం ఇంకా తెమలని తమ్ముడే అతడు! 2025 నవంబరు నుండి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీలను సైతం పెట్టుకొనవచ్చును. పేరు మార్చుటకు ఒక ఫారం నింపినచో చాలును.

ఇదంతా వకీలు చూడవలసిన పని కాదా అనవచ్చును. వకీలు తన ముందు పెట్టిన కాగితాలనే చూచును. పాసుపుస్తకం చివరి పుటలో నామినీ ఎవరో, డిపాజిటు ఏ తేదీకి పండునో, పాలసీ మీద అప్పు ఉన్నదో లేదో చూచునది మరొకరు. బీమా ఏజెంటో, ఆడిటరో, 2013 నిబంధనల క్రింద సెబీ వద్ద నమోదైన పెట్టుబడి సలహాదారో, పెన్షను లెక్కలలో తల పండిన యూనియను కార్యకర్తయో ఆ పాత్ర వహించును. వారికి చట్టం అంతంతమాత్రం. ఈ ఇరువురూ ఒకే పెట్టెను రెండు వైపులనుండి చూచుచుందురు, కాని సాధారణముగా ఒకరినొకరు చూడరు.

చిన్న విషయమే చెప్పుకొన్నచో, వకీళ్ళు వీలునామాలో డిపాజిటు నంబరును శ్రద్ధగా వ్రాయుదురు. డిపాజిటు పండి తిరిగి వేసినప్పుడు నంబరు మారవచ్చునని సలహాదారునికి తెలియును, వకీలుకు తోచదు. ఫలానా నంబరు గల డిపాజిటు మా చిన్నమ్మాయికి అని వ్రాసియుండి, మరణించునాటికి ఆ నంబరు గల డిపాజిటు లేకపోయినచో, ఆ దానం చెల్లదని ఇతర వారసులు వాదించుటకు సందు దొరకును. “నా పేర ఏ బ్యాంకులో ఉన్న డిపాజిట్లైనను” అన్న ఆరు మాటలు ఆ తగవును ఆపగలవు.

ఫిట్టరు వీలునామాలో అసలు ప్రమాదం వేరొక చోట ఉన్నది. దానిని కనిపెట్టునది పెన్షను నియమాలు ఎరిగిన మనిషి మాత్రమే.

రైల్వేలో పెన్షను పద్ధతి 1957 నవంబరులో వచ్చినది. 1964 నుండి కుటుంబ పెన్షను అమలైనది. 2004 జనవరి 1 తరువాత చేరినవారిది వేరు పద్ధతి. కుటుంబ పెన్షను మృతుని ఆస్తి కాదు. ఒక రైల్వే ఉద్యోగి తన రాబడులను సోదరునికి వీలునామా వ్రాసిపోగా, భార్య వైలెట్ ఐజాక్ సుప్రీంకోర్టు దాక పోరాడినది. కుటుంబ పెన్షను నియమాల వలన నేరుగా కుటుంబానికి వచ్చునది కనుక, దానిని వీలునామా ద్వారా ఎవరికీ ఇవ్వరాదని 1991లో తీర్పు వచ్చినది. ఆ తీర్పు లేకపోయినచో ఎందరు విధవరాండ్రు వీధిన పడియుందురో ఊహించుకొనవచ్చును.

ఫిట్టరు మరణానంతరం భార్యకు, ఆమె తరువాత వికలాంగుడైన కుమారునికి జీవితాంతం ఆ కుటుంబ పెన్షను వచ్చును. అయితే రెండు నిబంధనలు. కుమారుని వైకల్యం వైద్య ధ్రువపత్రంతో రుజువు కావలెను. తల్లిదండ్రులు జీవించి ఉండగానే అతని పేరు పెన్షను ఉత్తర్వులో చేర్పించుకొన్నచో ఆ పిదప తిరుగుళ్ళు తప్పును. రెండవది, కుమారునికి పెన్షను కాక వచ్చు ఇతర ఆదాయం నియమిత పరిమితిని మించరాదు. ఆ పరిమితి తండ్రి చివరి జీతంతో ముడిపడియుండును. తండ్రి ప్రేమతో డిపాజిట్లన్నీ కుమారుని పేర వ్రాసి, భూమి కౌలు, ఇంటి అద్దె సైతం అతనికే చేర్చినాడు. ఆ వడ్డీ, అద్దె కలిసి పరిమితిని దాటినచో, జీవితాంతం రావలసిన పెన్షను ఆగిపోవచ్చును. కరవుభత్యంతో పెరుగుచు పోవునది పోయి, ధరలు పెరిగినకొలది కరగిపోవు వడ్డీ మిగులును. వీలునామా వ్రాసిన వకీలు చట్టరీత్యా తప్పు చేయలేదు. ఆయనకు ఆ లెక్క చెప్పినవారు లేరు.

వకీలు, సలహాదారు ఒక బల్ల వద్ద కూర్చున్నచో ఆ కాగితం మరొక విధముగా తయారయ్యెడిది. సలహాదారు ముందుగా లెక్క వేయును: కుమారునికి ఎంత ఆదాయం వచ్చినను పెన్షను నిలుచునో, మిగిలినది ఎవరి పేర పెట్టవలెనో. వకీలు ఆ లెక్కకు చట్టరూపం ఇచ్చును. కుమార్తెలిద్దరిని ధర్మకర్తలుగా నియమించి, 1882 నాటి ట్రస్టు చట్టం క్రింద ఒక చిన్న ట్రస్టు ఏర్పరచి, అతని మందులకు, పోషణకు వారి వివేచన మేరకు ఖర్చు చేయునట్లు వ్రాయవచ్చును. అట్టి ట్రస్టు రాబడి అతని ఆదాయం క్రింద లెక్కకు వచ్చునో రాదో పెన్షను కార్యాలయంలో ముందే విచారించు బాధ్యత సలహాదారునిది. అతనికి సంరక్షకుని నియమించు పని, తల్లి పేరనున్న ఇంటికి ఆమె చేత వీలునామా వ్రాయించు పని వకీలువి. ఆడపిల్లలను పూర్తిగా తప్పించి, రేపు తమ్ముని బాధ్యత వారి మీదనే పెట్టదలచుకొన్న తండ్రికి ఆ రెండింటి పొసగనితనం ఎవరో ఒకరు ఎత్తి చూపవలెను. ఈ మాట చెప్పుటకు వకీలు డిగ్రీ అక్కరలేదు.

ఇరువురూ కలిసి పనిచేయుటకు హద్దులు లేకపోలేదు. వకీలు తన ఫీజును వకీలు కానివారితో పంచుకొనరాదని బార్ కౌన్సిల్ నియమం. కేసు తెచ్చిపెట్టినందుకు ఏజెంటుకు ఇంత అని ఇచ్చు పద్ధతి అందుచేత దూష్యం. ఏజెంటు పక్షాన మరొక ఆకర్షణ ఉన్నది: వీలునామా మాటలలో ఒక కొత్త పాలసీ ఇరికించుట. డెబ్బదియేండ్ల మనిషికి ఇరువదియేండ్ల పాలసీ ఎందుకని వకీలు అడుగగలిగినచో అదియు ఆయన చేయు సేవయే. ఏజెంటు చెప్పదగిన మంచి మాట మరొకటి ఉన్నది, అది పడుచు ఉద్యోగులకు: పాలసీ తీసుకొనునాడే 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం క్రింద భార్యాబిడ్డల పేర వ్రాయించినచో ఆ సొమ్ము అప్పులవారికి అందదు. తరువాత మార్చుటకు వీలుండదు.

రహస్యం సంగతి మరింత సున్నితమైనది. క్లయింటు వకీలుకు చెప్పిన మాటకు చట్టం రక్షణ కల్పించినది. 2024 జూలై నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ దానిని కొనసాగించినది. సలహాదారునికి ఆ రక్షణ లేదు. కోర్టు అడిగినచో చెప్పవలసినదే. రైలు పట్టణాలలో కొందరి పాసుపుస్తకాలలో నెలనెలా ఒక గ్రామానికి పోవు పైకం కనిపించును. తల్లికి కాదు, తమ్మునికి కాదు. సలహాదారు ఆ అంకె చూచును, వకీలు దాని వెనుకనున్న సంసారం వినును. మొదటి భార్య ఉండగా జరిగిన రెండవ వివాహం 1955 చట్టం ప్రకారం చెల్లదు, ఆ స్త్రీకి కుటుంబ పెన్షను రాదు. ఆమె బిడ్డలు మాత్రం తండ్రి ఆస్తికి వారసులే. కుటుంబ పెన్షనులోను అట్టి మైనరు బిడ్డలకు భాగమున్నదని 2000లో రామేశ్వరీ దేవి కేసులో తీర్పు వచ్చినది. ఇట్టి సంగతిని క్లయింటు అనుమతి లేనిదే వకీలు సలహాదారునికి చెప్పరాదు. చెప్పకున్నచో లెక్క తప్పును. కనుక తెలివిగల వకీలు మొదటి సమావేశం ఏకాంతంలో జరిపి, ఎంతవరకు ప్రక్కవారికి తెలుపవచ్చునో వ్రాతపూర్వకముగా అడిగి పుచ్చుకొనును.

వీలునామాను ఎక్కడ వ్రాయవలెనన్నది ఖరగ్‌పూరు వారికి చిరకాలం ఒక విచిత్ర సమస్యగా ఉండెను. 1870 సెప్టెంబరు 1 నాటికి బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరు పాలనలో ఉన్న ప్రాంతంలో హిందువు వ్రాసిన వీలునామాకు కోర్టు ప్రొబేటు లేనిదే దాని ఆధారముగా హక్కు స్థాపించుకొనరాదని 1925 నాటి వారసత్వ చట్టం 213వ సెక్షన్. మిడ్నపూరు ఆ ప్రాంతంలోనిదే. శ్రీకాకుళం కాదు. గ్రామంలోని పొలమును గూర్చి గ్రామంలో కూర్చుండి వ్రాసినచో ప్రొబేటు అక్కరలేదు. అదే పొలమును గూర్చి ఖరగ్‌పూరులో వ్రాసినచో కావలెను. రైలెక్కి పలాస పోయి సంతకం చేసి వచ్చినచో బిడ్డలకు కోర్టు ఖర్చు, కాలహరణం తప్పియుండెడివి. 2025లో పార్లమెంటు ఆ 213వ సెక్షన్‌ను తొలగించినది. తగవు తలెత్తునను భయమున్న చోట ఇష్టపూర్వకముగా ప్రొబేటు తీసుకొను మార్గం మాత్రం మూతపడలేదు.

భాష మరొక చిక్కు. వీలునామా ఏ భాషలోనైనను వ్రాయవచ్చును. తెలుగు మాత్రమే చదువగల వృద్ధుని చేత ఇంగ్లీషు కాగితం మీద సంతకం చేయించినచో, ఆయనకు అందులోని సంగతి తెలియదని రేపు ఎవరో ఒకరు వాదించుటకు అది చాలును. తెలుగులోనే వ్రాసి, అనువాదం జతపరచి, చదివి వినిపించిన సంగతిని చివర పేర్కొనుట మేలు. సాక్షులు ఇద్దరు కావలెను. కోర్టులో వారిలో ఒకరైనను వచ్చి చెప్పవలెను. కనుక తనకన్న పెద్దవాడైన పాత స్నేహితుని కంటె, ప్రక్క వీధిలో ఉండు, తెలుగు చదువగల నలువదియేండ్ల మనిషిని సాక్షిగా పెట్టుకొనుట ఉచితం. లబ్ధి పొందువారు సాక్షులు కాకుండుట మంచిది.

రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, చేయించినచో నష్టమూ లేదు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం మరొక సౌకర్యం కల్పించినది, దానిని వాడుకొనువారు అరుదు: వీలునామాను సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద భద్రపరచవచ్చును. వ్రాసినవారు జీవించియున్నంత కాలం వారు తప్ప మరొకరు దానిని వెనుకకు తీసుకొనజాలరు. పశ్చిమ మేదినీపూర్ జిల్లాకు ఆ కార్యాలయం కాంసావతీ నది అవతల మిడ్నపూరు పట్టణంలో ఉన్నది. ఖరగ్‌పూరునుండి లోకలు రైలులో ఒక పూటలో పోయి రావచ్చును.

ఫిట్టరు రెండవసారి వ్రాయించిన వీలునామా మూడు పుటలు. దానికి ఒక పట్టిక జతపరచబడినది: ఏ కాగితం ఎక్కడ ఉన్నది, ఏ ఖాతాకు ఎవరు నామినీ, కుమారుని వైద్య పత్రం నకలు ఏ కార్యాలయంలో ఇచ్చిరి. ప్రతి సంవత్సరం నవంబరులో పెన్షనుదారులు జీవన ప్రమాణ పత్రం సమర్పించు వేళ ఆ పట్టికను తిరిగి చూచుకొనవలెనని సలహాదారు చెప్పినాడు. పట్టిక నకలు ఒకటి పెద్ద కుమార్తెకు విశాఖపట్నం పోయినది. పెట్టె తాళంచెవికి రెండవది చేయించి చిన్న కుమార్తెకు ఇచ్చినారు.